ముట్టరాని జెండా

బంతి దొర్లుకుంటూ వచ్చి, నాలుగో జెండా మొదట్లోని తెల్ల గిన్నె అంచుకు టక్కున తగిలి ఆగింది.

దగ్గర నిలబడి చూసినవాడు బుచ్చిరాములు ఒక్కడే. చేతిలో గడ్డి కత్తెర, మూతికి మాస్కు, కడుపులో మూడు వారాల మంట.

"ఏయ్ బుచ్చిరాములూ! తగిలిందా?"

మెరక అవతల నుంచి అరిచినవాడు విజయభాస్కర్. నాచారంలో ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీ ఆయనది. ఉప్పల్ దాటాక ఉన్న ఈ గోల్ఫ్ క్లబ్బులో ఇరవై ఏళ్లుగా ఆడుతున్నాడు. ఒకే దెబ్బకు బంతి గుంతలో పడాలని, చచ్చేలోగా ఒక్కసారైనా పడాలని ఆయన కోరిక. ఇందుకోసం తిరుపతికి రెండుసార్లు మొక్కాడు కూడా.

కరోనా వచ్చాక క్లబ్బు రూలు మార్చింది. జెండా కర్రను ఆటగాళ్లెవరూ ముట్టకూడదు. గుంతలో చెయ్యి పెట్టే పని లేకుండా, అందులో ఉండే ప్లాస్టిక్ గిన్నెను అంగుళం పైకి లేపారు. బంతి ఆ అంచుకు తగిలితే చాలు, గుంతలో పడ్డట్టే లెక్క.

ఆ రూలు పెట్టిన మొదటి రోజే విజయభాస్కర్ అలవాటు కొద్దీ రెండు చేతులతో జెండా పట్టి పీకాడు. దూరం నుంచి ఎవరో చూసి, ఎవరు పీకారో తెలియక, జెండా కదిలిందని మాత్రం ఫిర్యాదు చేశారు.

"నేను కాదండీ, మా బుచ్చిరాములు" అన్నాడు ఆయన, కనురెప్ప కూడా ఆర్పకుండా.

పదకొండేళ్లు ఆయన బ్యాగు మోసినవాడు బుచ్చిరాములు. "సారే పట్టిండు. నేను సూసిన" అన్నాడు.

"నువ్వు చూస్తే సరిపోతుందా? సాక్షి ఎవరు?" అన్నాడు క్లబ్బు సెక్రటరీ సుధీంద్ర.

గేటు దగ్గర అందరి ముందూ బుచ్చిరాములును నిలబెట్టి, నేల కడిగే మందు నెత్తి మీద నుంచి పిచికారీ చేయించారు. రెండు రోజులు కళ్లు తెరుచుకోలేదు. బ్యాగు మోసే పని తీసేసి గడ్డి కోతకు, గుంతలు తవ్వి జెండాలు పాతే పనికి వేశారు. అదంతా ఒక ఎత్తు. మందు కొడుతుంటే కారు పక్కన నిలబడి విజయభాస్కర్ అన్న మాట ఒక ఎత్తు.

"వీపు మీద కూడా కొట్టండయ్యా, సరిగ్గా కొట్టండి!"

ఆ మాట కోసమైనా వీడి మీద పగ తీర్చుకోవాలని బుచ్చిరాములు ఆ రోజే అనుకున్నాడు.

ఇప్పుడు దొరికాడు. తగల్లేదు సార్ అంటే చాలు, ఇరవై ఏళ్ల కోరిక బుగ్గి.

ఆయన బంతి ఎలా పోతుందో బుచ్చిరాములుకు తెలిసినట్టు ఆయనకే తెలియదు. నాలుగో జెండా దగ్గరికి కొడితే ఎడమ వాలున పడుతుంది, చిన్న పల్లంలోకి దొర్లి ఆగుతుంది. అక్కడ ఎన్ని వందలసార్లు వంగి ఆ బంతి ఏరాడో లెక్కలేదు. ఈ వారం తను జెండా పాతింది ఆ పల్లంలోనే.

బుచ్చిరాములు మాస్కు కిందికి లాగాడు.

"తగిలింది సార్! నా కండ్లతోని సూసిన!"

విజయభాస్కర్ గోల్ఫ్ కర్ర గాల్లోకి విసిరి ఎగిరాడు. పక్కనే ఉన్న సుధీంద్ర చప్పట్లు కొట్టాడు. "బుచ్చిరాములు చూశానన్నాడంటే ఇక తిరుగు లేదు. అబద్ధం ఎరగని మనిషి!" మూడు వారాల్లో ఆ కళ్లకు ఎంత విలువ పెరిగిందో!

"ఏం కావాలో కోరుకోవయ్యా" అన్నాడు విజయభాస్కర్, ఆరడుగుల దూరం నుంచే.

"నాకేమొద్దు సార్. రూలు ఎత్తేసిన్నాడు ఆ జెండాను మీ చేత్తోనే తీసి ఇంటికి తీస్కపోండ్రి. అందరి ముంగట. అప్పటిదాంక దాన్ని ఎవ్వర్నీ ముట్టనియ్య."

సుధీంద్రకు ఆ ఆలోచన మహా నచ్చింది.

ఇంట్లో భార్య లక్ష్మీనర్సమ్మ అన్నం గిన్నె ఠపీమని పెట్టింది. "గంత పరేషాన్ జేసినోనికి సాక్షం జెప్పొచ్చినవా? ఉప్పు కారం తింటలేవా నువ్వు?"

"తింటున్న. జర సబర్ జెయ్యి" అన్నాడు బుచ్చిరాములు.

అన్నమాట ప్రకారం నాలుగో జెండాకు కాపలా కాశాడు. గడ్డి కోసేవాళ్లను కూడా రానివ్వకుండా ఆ చుట్టుపక్కల తానే కోశాడు. నెల తిరిగేసరికి రూలు ఎత్తేశారు.

ఆదివారం పొద్దున క్లబ్బులో పెళ్లిసందడి. విజయభాస్కర్ నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. ఫ్యాక్టరీ వాళ్లను బస్సులో తెచ్చారు. వియ్యంకులొచ్చారు, శాలువాలొచ్చాయి. బుచ్చిరాములు ఆ ఉదయమే యూనిఫాం మడిచి ఆఫీసులో ఇచ్చేశాడు. మేడిపల్లిలో ఒక మొక్కల నర్సరీలో పని కుదిరింది. వెళ్లేముందు చూసి పోదామని లక్ష్మీనర్సమ్మను తెచ్చి ముందు వరుసలో నిలబెట్టాడు.

ఫోన్లన్నీ పైకి లేచాయి. విజయభాస్కర్ నవ్వుతూ జెండా ముందుకొచ్చాడు.

"రెండు చేతులతోని పట్టుండ్రి సార్" అన్నాడు బుచ్చిరాములు. "ఆ దినం పట్టినట్టే."

విజయభాస్కర్ నవ్వు ఒక్క క్షణం తడబడింది. అయినా అందరూ చూస్తున్నారని, రెండు చేతులతో బలంగా పీకాడు.

జెండాతో పాటు, అంగుళం ఎత్తున కోసి గడ్డి మీద గుచ్చిన తెల్ల గిన్నె అంచు కూడా ఊడి చేతికొచ్చింది, దాని కింద కర్ర మొన దిగిన చిల్లి తప్ప అసలు గుంతే లేదు.