మాడు వాసన

పికప్ వ్యాను కింద వెల్లకిలా పడుకున్న మెకానిక్, చేతికి తగిలిన మూటను బయటికి లాగకముందే దాన్ని కాజేయాలని నిర్ణయించేసుకున్నాడు. చిరిగిన మూలలోంచి పచ్చగా ఏదో తళుక్కుమంది మరి.

చుట్టుపక్కల నాలుగు వీధుల్లోనూ అతన్ని ముక్కు మేస్త్రి అంటారు. బండి ఆగీ ఆగకముందే ఓసారి గాలి పీల్చి, మాడుతున్నది క్లచ్చా, బ్రేకా, వైరింగా అన్నది చెప్పేస్తాడు. ఆ ఉదయం కళ్ళజోడు పెట్టుకున్న ఓ బక్కపలచటి పెద్దమనిషి ఆ పేరు వాకబు చేసుకుంటూనే వచ్చాడు.

"పావుగంట నడిపితే చాలు మేస్త్రీ, మాడు వాసనకి లోపల కూర్చోలేకపోతున్నాను. మూడు షెడ్లు తిరిగాను. అందరూ బండి బంగారంలా ఉందన్నారు" అన్నాడాయన దిగుతూనే.

మేస్త్రి బానెట్ ఎత్తి వాసన చూశాడు. వైరు కాలితే గొంతులో గరగర పుడుతుంది. అది లేదు. క్లచ్ మాడితే గోనెసంచి కాలిన కంపు వస్తుంది. అదీ కాదు. చక్రం చక్రానికీ వెళ్ళి ముక్కు ఆనించాడు. బ్రేకులు చల్లగా ఉన్నాయి. అప్పుడు ఇంజన్ని బాగా వేడెక్కనిచ్చి, చేతులకు తొడుగులు వేసుకుని కిందికి దూరాడు.

రబ్బరు కమురుతున్న కంపు! సరిగ్గా సైలెన్సరు పైనుంచి, బండి అడుగు రేకుకు కాస్త కింద, సందులోంచి. అక్కడ, మామూలుగా చూస్తే కంటికి ఆనకుండా లోపలికి దూర్చి, సైకిలు ట్యూబు చుట్టి, తీగతో బిగించిన మూట ఒకటి ఉంది. ట్యూబు కరిగి జిగురులా సాగుతోంది. ఆ ముగ్గురు మెకానిక్కులూ చల్లారిన బండిని చూసి పంపేసి ఉంటారనుకుని మేస్త్రి లోలోపల నవ్వుకున్నాడు.

తీగ కత్తిరించి, మూటను మసిగుడ్డలో చుట్టి, చంకలో ఇరికించుకుని బయటికి పాకాడు. చంక చుర్రుమంటున్నా మొహం నిండా నవ్వు పులుముకున్నాడు.

బెంచీ మీద పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి తల ఎత్తకుండానే అడిగాడు. "దొరికిందా?"

మేస్త్రి చంకలో మూటను ఇంకాస్త బిగించాడు. "ఏంటండీ?"

"అదే, లోపం."

"ఓ, అదా! ఆయిల్ లీకండీ. చుక్కచుక్కా సైలెన్సరు మీద పడి మాడుతోంది. సీలు మార్చేస్తే సరి. సీలు లోపలుంది, తెస్తాను."

వెనక గదిలో అతని భార్య ఓ హెడ్‌లైటు వైర్లు అతుకుతోంది. షెడ్డులో కరెంటు పనంతా ఆవిడదే. మేస్త్రి తలుపు చేరవేసి, బల్ల మీద మూట విప్పాడు. ఓ హారం, ఆరు గాజులు, ఎర్రరాళ్ళ పతకం.

"ఎవరివండీ ఇవి?"

"మనవే."

"ఎప్పట్నించి?"

"ఇప్పట్నించే."

ఆవిడ అడ్డంగా తలూపింది. "తప్పండీ. బండాయన్ని అడగండి."

"ఆయనకి తెలిసుంటే బండి తెచ్చి నా చేతిలో పెడతాడటే? ఎవరో దాచారు, ఈయనెవరో కొనుక్కున్నాడు. ఉందనే తెలీనిది పోతే ఇక బాధేముంది?"

ఈ వాదన ఆవిడకు అస్సలు నచ్చలేదు. ఎలా ఉందో చూద్దామని ఓ గాజు తొడుక్కుంది. అప్పుడు నచ్చింది.

"బండిని పైకెత్తే లిఫ్టు కొనేద్దామే! ఇరవై ఏళ్ళుగా నేల మీద బల్లిలా పాకుతున్నాను" అన్నాడు మేస్త్రి.

"రెండు కొనండి. ఒకదాని మీద నేనెక్కి కూర్చుంటా" అని ఆవిడ కిసుక్కున నవ్వింది. అతనికీ నవ్వు ఆగలేదు. బయటికి వినబడకుండా ఇద్దరూ ఒకరి నోరు ఒకరు మూసుకుని, ఆ ఇరుకు గదిలోనే గిర్రున ఓ చుట్టు తిరిగారు. ఆవిడ మొహాన గ్రీజు, అతని మొహాన సోల్డరింగ్ మసి. నగలు వెళ్ళి పాత బోల్టుల డబ్బాలో పడ్డాయి.

మేస్త్రి మళ్ళీ బండి కింద దూరి, సుత్తితో ఇనుప ముక్క మీద నాలుగు దెబ్బలు గట్టిగా వేసి, "అయిపోయిందండీ" అన్నాడు.

"ఓసారి తిప్పి చూసుకొస్తాను" అని పెద్దమనిషి వెళ్ళాడు. అరగంట పట్టింది. ఆ అరగంటలో దంపతులు షెడ్డుకి కొత్త రంగు వేయించారు, సముద్రం చూసొచ్చారు, లిఫ్టు ఎరుపుదా నీలందా అని పోట్లాడుకుని రాజీపడ్డారు, అంతా కూర్చున్నచోటే.

పికప్ తిరిగొచ్చింది. పెద్దమనిషి మొహం వెలిగిపోతోంది.

"అద్భుతం మేస్త్రీ! ఎంత తిప్పినా చిటికెడు వాసన లేదు. ముక్కు మేస్త్రి అని ఊరికే అనలేదు."

మేస్త్రి ఛాతీ ఉప్పొంగింది. "పూర్తిగా పోయిందా అండీ?"

"పూర్తిగా! నీకెంతివ్వాలి?"

"అబ్బే, ఏమీ వద్దండీ. మీలాంటివాళ్ళు వచ్చి పోతుంటే చాలు."

"అలాగా? నీదెంత మంచి మనసయ్యా!" పెద్దమనిషి అతని చెయ్యి పట్టుకుని ఆప్యాయంగా ఊపాడు. ఊపిన చేతిని వదల్లేదు. రెండో చేత్తో జేబులోంచి పోలీసు కార్డు తీసి చూపించాడు.

"ఈ బండి ఓ నగల దొంగది మేస్త్రీ, టైర్లతో సహా విప్పి వారమంతా వెతికినా సరుకు దొరక్క, మాకు మిగిలిన ఒకే ఒక్క ఆచూకీ ఆ వాసనే. అది పోయిందంటే నగలు నీ దగ్గర దిగినట్టేగా, పట్రా."