గాసి తాత ఫోను

“ఈ కడ్డీ ఊగుతోందే. ముసలోళ్ళు పట్టుకుని పడిపోతే కేసు నీ మీదకొస్తాది,” అంది రమణమ్మ, హుకుంపేట గ్రంథాలయం మెట్ల మీద నిలబడి.

“నువ్వు ఊపుతున్నావు కాబట్టి ఊగుతోందమ్మా. పెద్దవాళ్ళ కోసమని కొత్తగా వేయించాం. లోపలికి రా,” అంది కూతురు స్వర్ణ.

సాలూరులో బస్సెక్కిన దగ్గర్నుంచీ రమణమ్మ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకునే వచ్చింది. ప్రతి మలుపులోనూ బస్సు లోయలో పడిపోయిందనే అనుకుంది. పడలేదు. ఆ భయాన్ని వృథా చేయకుండా తిరుగు ప్రయాణానికి దాచుకుంది.

స్వర్ణ ఉద్యోగంలో చేరిన కొత్తలో రమణమ్మ గంటకోసారి ఫోన్ చేసేది. పాము వచ్చిందా, జ్వరం వచ్చిందా, కొండ విరిగిపడిందా అని. విసిగిపోయిన స్వర్ణ “ఆఫీసు వేళ ఫోన్ చేస్తే నా మీద ఒట్టే” అనేసింది. ఒట్టు తప్పితే తన గుంటకి, కన్నకూతురికి, ఏమవుతుందోనని రమణమ్మ ఆ తర్వాత ఫోను ముట్టలేదు. మనసు ఆగక ఇదిగో, మనిషే వచ్చేసింది.

ఆమె భర్త వరహాలుకి ఇవేవీ పట్టవు. జీవితమంతా ఘాట్ రోడ్ల మీద బండి నడిపిన మనిషి. అరవై దాటాక చూపు ఆనక ఇంటిపట్టున ఉంటున్నాడు. “అదేటి, పులి నోట్లో తలెట్టిందా? నీకు భయం జబ్బు. ఎల్లి సూసుకుని రా,” అని తనే దగ్గరుండి బస్సెక్కించాడు. “మద్దేనం పాలోడొస్తాడు. పొంగకుండా దించు. మర్సిపోకు,” అని బస్సు కదిలేదాకా కిటికీలోంచి చెబుతూనే ఉంది రమణమ్మ. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన ఒక్కనాడూ పాలు సరిగ్గా దించిన పాపాన పోలేదు.

లోపల ఒక మెత్తటి కుర్చీ కనపడితే రమణమ్మ హాయిగా కూలబడింది.

“అది అరవై దాటినవాళ్ళకమ్మా.”

కుర్చీ కాలినట్టు లేచి నిలబడింది. “ముందే సెప్పొద్దా? ఎవరైనా సూత్తే ఏటనుకుంటారు? ఇంతకీ ఆ ముసలోళ్ళేరీ?”

“రారు. కొండ దిగలేరు. దిగి వచ్చినా కళ్ళు కనపడవు. అందుకే ఈ ఫోను పెట్టాం. పెద్దవాళ్ళు ఎవరు చేసినా నేను కథ చదివి వినిపిస్తాను.”

“ఎందరు సేత్తన్నారేటి?”

స్వర్ణ గొంతు తగ్గించింది. “ఒక్కడే. గాసి తాత అని, ఏదో కొండ మీది ఊరట. రోజూ చేస్తాడు. రేపు పై ఆఫీసరు వస్తున్నారు. ఎవరూ వినడం లేదని తేలితే ఫోనూ తీసేస్తారు, నన్నూ తీసేస్తారు. ఆ తాత చలవ వల్లే ఈ ఉద్యోగం నిలబడింది.”

అంతలో ఫోన్ మోగింది. అది పాత ఫోను. నంబరు కనపడదు, పైగా స్పీకరు బటను ఇరుక్కుపోయి మాటలు గదంతా వినపడతాయి.

“గాసి తాతే,” అని స్వర్ణ నవ్వింది. “నిజం చెప్పనా? ఇన్నాళ్ళూ గొంతు మార్చి నువ్వే చేస్తున్నావేమో అనుకున్నాను.”

“ఒట్టేసుకున్నాను కదే,” అంది రమణమ్మ నొచ్చుకుని.

ఫోనులో గొంతు ముక్కులోంచి వస్తున్నట్టు, వణుకుతూ ఉంది. స్వర్ణ పుస్తకం తెరిచింది.

“రాకుమారి రథమెక్కి కొండ దిగసాగింది.”

“ఒక్కర్తేనా?” అంది గొంతు.

“ఒక్కతే తాతా.”

“ఇంటికాడ సెప్పి బయల్దేరిందా?”

“చెప్పలేదు.”

“స్వెట్టరేసుకుందా?”

“ఆ కాలంలో స్వెట్టర్లు లేవు తాతా.”

“అయితే మంచు ఇడిసినాక ఎల్లమను. దిగుడులో గేరు తీసీకూడదని సెప్పు.”

“రథానికి గేర్లుండవు.”

“మరెలాగ ఆగుతాది?” అని దిగులుపడి, “నువ్వు బువ్వ తిన్నావా గుంటా?” అంది.

రమణమ్మ ఫోనుని అరచేత్తో మూసేసింది.

“వీడు ముసలోడు కాడే. కొండ మీద ముసలోడికి గేర్ల గొడవేటి? బండున్న కుర్రాడెవడో. నువ్వు తింటే వాడికేటి, మానితే వాడికేటి? టీవీలో రోజూ సూత్తన్నాను. ముందు బువ్వ తిన్నావా అంటారు. ఆనక ఒక్కర్తివే ఉంటన్నావా అంటారు.”

“రాత్రులు గదిలో ఒక్కర్తివే ఉంటన్నావా గుంటా?” అంది ఫోను, ఆమె వేళ్ళ సందుల్లోంచి. “తలుపుకి గడియ సరిగ్గా పడతాందా?”

“ఇన్నావా? బట్టలు సర్దు. బేగి సర్దు. మాపటి బస్సుకి ఎల్లిపోదాం.”

“అమ్మా, ఆయన్ని ఏమీ అనకు. ఆయన మానేస్తే నా ఉద్యోగం పోతుంది.”

“ఉద్యోగం పోతే ఇంకోటొస్తాది. గుంట పోతే వస్తాదేటి?” అంటూ రమణమ్మ రిసీవరు లాక్కుంది.

“ఎవడ్రా నువ్వు? తాతవైతే ఏదీ, దగ్గు సూద్దాం.”

అవతలి మనిషి బుద్ధిగా దగ్గాడు.

“ఇదీ ఒక దగ్గేనా? నాను గుంట తల్లిని మాటాడతన్నాను. మా ఆయన సంగతి నీకు తెల్దు. భయమంటే ఏటో ఎరగని మనిషి. ఆయన చెవిన ఒక్క ముక్క ఏసేనంటే, కొండెక్కొచ్చి నీ కాళ్ళిరిచీగలడు.”

అవతల గుటక మింగిన చప్పుడు.

“మాటాడవేటి? నిజం సెప్పు. ఏటి సేత్తన్నావక్కడ?”

స్వర్ణ కళ్ళు మూసుకుంది.

“పాలు దించీసానే,” అన్నాడు గాసి తాత.