సామాన్ల గదిలో పడక

“ఇది ఎవరిదో చెప్పు,” అంటూ సంఘపెద్ద చర్చి సామాన్ల గది తలుపు బార్లా తెరిచారు. ఒకదాని మీద ఒకటి పేర్చిన కుర్చీల వెనక ఒక చాప, దాని మీద మడతపెట్టిన దుప్పటి, పక్కన గ్లాసులో పళ్ళు తోముకునే బ్రష్షు.

వాచ్‌మన్ గుమ్మం దగ్గరే ఆగాడు. “నాకేం తెలుసండీ?”

“తాళాలు నీ దగ్గరుంటే ఇంకెవరికి తెలుస్తుందయ్యా? పొద్దున్నే నేనెంత తొందరగా వచ్చినా నాకంటే ముందే ఉంటావు. నమ్మకస్తుడివని పదిమందికీ చెప్పుకున్నాను. మధ్యాహ్నం కమిటీ కూర్చుంటుంది. ఈ పని ఎవడిదో తేలకపోతే నీ ఉద్యోగం పోయినట్టే.”

వాచ్‌మన్ చూపు వాకిలి వైపు మళ్ళింది. “వెనక కిటికీ గడియ సరిగా పడదండి. ఇంకెవడు దూరతాడు? ఆ మూటాయనే.”

మూటాయన మూడు వారాలుగా ఒక బట్టల మూటతో చర్చి మెట్ల మీద మకాం పెట్టాడు. ఒక కాలు ఈడుస్తూ నడుస్తాడు. ఎవరినీ చెయ్యి చాచి అడగడు కానీ, వచ్చేపోయేవాళ్ళందరినీ గమనిస్తూ కూర్చుంటాడు. ఆ చూపంటేనే వాచ్‌మన్‌కి ఒళ్ళు మంట. ఊడ్చే వంకతో అతని మీదికి దుమ్ము లేపేవాడు, కడిగే వంకతో మెట్లన్నీ తడిపేవాడు. ఎంత చేసినా ఆ మనిషి ఒక మెట్టు కిందికి జరిగేవాడే తప్ప పోయేవాడు కాదు.

ఇద్దరూ మెట్ల దగ్గరికి వచ్చారు. నిలువ నీడ లేనివాళ్ళ కోసం ఇందాకే ఆరాధనలో కన్నీళ్ళతో ప్రార్థన చేసిన సంఘపెద్ద, చెప్పు కాలితో మూటను తన్నారు.

“లోపల పడుకుంటున్నది నువ్వేనా?”

మూటాయన ఆయన వైపు చూడలేదు. వాచ్‌మన్‌నే చూశాడు. వాచ్‌మన్‌కి చెమటలు పట్టాయి. వీడు కాదన్నాడంటే తన బతుకు బజారున పడ్డట్టే.

“అలా చూస్తావేంరా? ఒప్పుకో,” అని గద్దించాడు.

“నేనేనండి,” అన్నాడు మూటాయన నెమ్మదిగా. “ఈయనకేం తెలీదు.”

“పోనీ కదా అని మెట్ల మీద ఉండనిస్తే నెత్తికెక్కుతావా? మళ్ళీ ఈ ఛాయలకొస్తే పోలీసులకి అప్పజెప్తాను. గెంటెయ్యి వీణ్ణి.”

వాచ్‌మన్ అతన్ని రెక్క పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్ళాడు. మూటను రోడ్డు మీదికి విసిరాడు. మూటాయన వంగి దాన్ని ఎత్తుకుని, దుమ్ము దులుపుకున్నాడు.

“నాకు మెట్లు ఎక్కడైనా దొరుకుతాయిలే, తమ్ముడూ,” అన్నాడు.

వాచ్‌మన్ గేటు గడియ పెట్టాడు. తల ఎత్తాలంటే సిగ్గేసింది.

సంఘపెద్ద వచ్చి భుజం తట్టారు. “పీడ విరగడైంది. నిన్ను అనుమానించాను, మనసులో పెట్టుకోకు. ఆ చాపా దుప్పటీ తగలబెట్టేసి నువ్వింక ఇంటికెళ్ళు.”

“అలాగేనండి,” అన్నాడు వాచ్‌మన్.

ఏడు నెలలుగా ఆ సామాన్ల గదే అతని ఇల్లు.