పసరు మీద కట్టు

నర్సీపట్నంలో బస్సు దిగగానే సింగన్న తువ్వాలు తలకు చుట్టి, సగం మొహం కప్పేసుకున్నాడు. ఎండాకాలం కదా, ఎవరూ పట్టించుకోలేదు. కుంటుకుంటూ సందులన్నీ తిరిగి, చర్చి పక్కనున్న చిన్న ఆసుపత్రిలో దూరాడు.

"ఎవరైనా తరుముతున్నారా పెద్దాయనా?" అంది నర్సు కృపాజ్యోతి.

"మాది రావికమతం అవతలండి. ఈ సంగతి మావోళ్లకి తెలిసిందంటే నా పరువు గంగలో కలిసిపోద్దండి. కాలు మానాలి, కబురు పాకకూడదు సిస్టరమ్మా."

చీలమండ పైన అరచేతంత పుండు. ఎనిమిదేళ్ల నాటిది. ఇరవయ్యో శతాబ్దం పోయి ఇరవై ఒకటోది వచ్చింది గానీ, ఆ పుండు మాత్రం పోలేదు. రసి కారి కారి పంచెలన్నీ పాడైపోయాయి. నాలుగడుగులు వేస్తే ప్రాణం పోయినంత పనయ్యేది.

కృపాజ్యోతి పాదం మీద నాడి చూసింది. పుండు శుభ్రంగా కడిగింది. దూది పొర వేసి, దాని మీద క్రేపు కట్టు, ఆ పైన సాగే పట్టీ, వేళ్ల దగ్గర్నుంచి మోకాలి దాకా బిగించి చుట్టింది.

"నీ కాల్లో రక్తం కిందే నిలబడిపోతోంది. ఈ బిగువు దాన్ని పైకి తోస్తుంది. వచ్చే బుధవారం దాకా విప్పకు. కట్టుకి నూట ఎనభై."

సింగన్న చెయ్యి నడుం దగ్గరికి పోయింది. "గుడ్డ పీలికలకి నూటెనభయ్యా!"

"ఇన్నాళ్లూ ఏం వాడావేంటి?"

"పసరండి. మా ఊళ్లో కడతారు కదండి."

"దానికెంత పోశావు?"

"పైసా ఖర్చు లేదండి."

కృపాజ్యోతికి ఒళ్లు మండిపోయింది. ఆ పసరు పేరెత్తితే చాలు, ఆమెకు పూనకం వచ్చేస్తుంది. దాన్ని నమ్ముకుని పుండు ముదరబెట్టుకున్న కాళ్లు ఎన్ని చూసిందో!

"ఊరికే వస్తే ఫినాయిలైనా పూసుకుంటావా? పైసా ఖర్చు లేని మందు ఎనిమిదేళ్లు నీ కాలు తినేసింది. నా కట్టు మూడు నెలలు నీ డబ్బు తింటుంది. ఏది చవకో నువ్వే చెప్పు!"

సింగన్న నడుం దగ్గర దోపుకున్న సంచిలోంచి డబ్బులు తీసిచ్చి, తువ్వాలు చుట్టుకుని వెళ్లిపోయాడు.

మూడో బుధవారం కట్టు విప్పగానే ఆమె కెవ్వుమంది. పుండు నిండా ఆకుపచ్చ రంగు.

"మళ్లీ పసరా!"

"రెండూ కలిస్తే బేగి మానిపోద్దని, ఇప్పి రాసి మళ్లీ సుట్టానండి..."

"ఆ పసరు మందాయన ఎవడో గానీ నా చేతికి దొరకాలి! వాడి కాలికి ఇలాంటి పుండు లేవాలి, దాని మీద వాడి పసరే పూసి కూర్చోబెట్టాలి. అప్పుడు తెలిసొస్తుంది!"

"నిజమేనండి. తెలిసొస్తాదండి," అన్నాడు సింగన్న తల దించుకుని.

"ఇంకోసారి పసరు కనబడిందా, కట్టు కట్టేది లేదు. ఇంటికి పో!"

సింగన్న బెదిరిపోయాడు. వద్దు సిస్టరమ్మా అంటూ దండం పెట్టేశాడు. ఆ రోజుతో కాలికి పసరు బంద్.

అప్పట్నుంచి పుండు వారం వారం తగ్గింది. రూపాయి బిళ్లంత అయింది. తర్వాత పావలా అంత. పదమూడో బుధవారం కట్టు విప్పితే పుండే లేదు, లేత చర్మం మెరుస్తోంది. సింగన్న దాన్ని వేలితో తాకి చూసి, చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.

"ప్రభువుకి స్తోత్రం," అంటూ కృపాజ్యోతి కూడా కళ్లు తుడుచుకుంది. అంతలోనే పాత కోపం గుర్తొచ్చింది. "మీ పసరాయనకి నా మాటగా చెప్పు. ఇక చాలించమను!"

"సెప్తానండి. సచ్చినట్టు ఇంటాడండి."

ఆ పై బుధవారం ఆసుపత్రి వసారాలో పదకొండు మంది కూర్చుని ఉన్నారు. అందరూ రావికమతం వైపు నుంచి వచ్చినవాళ్లే. అందరి కాళ్లకీ పుళ్లే. ఒక్కరూ మొహం దాచుకోలేదు.

కృపాజ్యోతి బిత్తరపోయింది. "ఇంతమందిని ఒక్కసారి ఎవరు పంపారమ్మా?"

ముందు కూర్చున్న రాజులమ్మ పకపకా నవ్వింది.

"ఇంకెవరమ్మా, ఇన్నేళ్లూ మాకు పసరు కట్టిన సింగన్నే, సంత నడిమధ్య పంచె పైకెత్తి మానిపోయిన తన కాలు సూపించి మరీ మమ్మల్ని బస్సెక్కించాడు!"