మామగారి పాత కంప్యూటర్

మామగారు పోయాక ప్రెస్సు కోడలి నెత్తిన పడింది. ఆయన టైపు చేసిన పుస్తకాలు కొత్త కంప్యూటర్లో తెరుచుకోవు. అందుకని ఆయన పాత కంప్యూటర్ని ఉన్నదున్నట్టు కాపీ తీయించి, కొత్తదాని లోపలే ఒక విండోలో నడుపుతోంది.

ఆ రాత్రి పనివాళ్లు వెళ్లిపోయారు, అచ్చు మిషన్లు ఆగిపోయాయి. తెల్లారేసరికి పుస్తకం టైపు పూర్తయి అచ్చుకు సిద్ధం కావాలి. నడుము విరిగిపోతోంది. మౌస్ వదిలేసి కళ్లు నులుముకుంది.

చూస్తే, ఆ విండోలో బాణం గుర్తు దానంతటదే కదులుతూ ఆమె తప్పులు దిద్దుతోంది. తర్వాత పేజీ అడుగున చప్పుడు లేకుండా అక్షరాలు పడ్డాయి.

"అమ్మాయ్, ఇక వెళ్లి పడుకో. మిగతాది నే చూస్తాలే."

ఆమెకు భయపడే ఓపిక కూడా లేదు.

"సరే మామయ్యా," అని లేచింది.

గుమ్మం దాటుతుండగా వెనక ఆమె కుర్చీ కిర్రుమంది. కీబోర్డు టకటకలాడింది.