చేతులు తీశారా?

గది అద్దెకు కావాలని వచ్చినాయన మడతపెట్టిన కాగితాన్ని ఎడమచేత్తో అందించాడు. ఇంటాయన లిఫ్టు మెకానిక్. అతనికి అక్కడే ఒళ్లు మండింది.

"నా ఫోన్ నంబరండీ. ఆలోచించి చెప్పండి" అన్నాడు వచ్చినాయన. యాభై దాటిన మనిషి. కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు.

మెకానిక్ కాగితం అందుకోలేదు. భార్యే అందుకుని, మడత విప్పకుండానే తన పనిముట్ల డబ్బాలో పడేసింది. ఆమె వాచీలు బాగుచేస్తుంది. ఆవగింజంత స్క్రూని పట్టకారుతో పట్టి దాని చోట కూర్చోబెట్టే వేళ్లు ఆమెవి.

హాల్లో బల్ల మీద రోబో చెయ్యి ఉంది. ఏడాదిగా మెకానిక్‌కి అదే పిచ్చి. పాత లిఫ్టు తలుపు మోటారు, ఇనప పట్టు, పక్కన ఆ మోటారుని ఆడించే అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డు. కంప్యూటర్‌లో ప్రోగ్రాం తెరిచి నొక్కితే వైరు గుండా బోర్డుకి మాట అందుతుంది. పట్టు మూసుకుంటుంది, తెరుచుకుంటుంది. ఆదివారమే రోబోల పోటీ.

ఆ ప్రోగ్రాం ఎవరో రాసి అందరికీ ఊరికే ఇచ్చారు. పేరు లేదు, తెర మూల చిన్న నత్త బొమ్మ మాత్రం ఉంటుంది. మెకానిక్ ఆ మనిషిని నత్తగురువు అనేవాడు. ఎప్పుడైనా ఎదురైతే కాళ్లమీద పడిపోతానని భార్యతో పదిసార్లు అని ఉంటాడు.

వచ్చినాయన గది సంగతి మరిచి బల్ల దగ్గర నిలబడిపోయాడు.

"కంప్యూటర్‌ని కలిపే ముందు ప్రోగ్రాం అడుగుతోందా?"

"ఏమని?"

"చేతులు తీశారా అని."

"ఆ నసా? రోజుకి నలభైసార్లు అవును అవును అని నొక్కలేక తీసిపారేశాను."

ఆయన మొహం పాలిపోయింది.

"మళ్లీ పెట్టండి. కలిపిన ప్రతిసారీ బోర్డు మొదటికొస్తుంది. వస్తూనే మోటారుని ఒక్క గుంజు గుంజుతుంది. నేను ఆ ప్రోగ్రాం..."

"మీరు గది చూడ్డానికొచ్చారా, నాకు పాఠం చెప్పడానికొచ్చారా?"

ఆయన జేబులోని చేతిని కొంచెం పైకి తీసి, ఏమనుకున్నాడో, మళ్లీ లోపలికే పెట్టుకున్నాడు. గది ఇవ్వడం లేదని మెకానిక్ మొహం మీదే చెప్పాడు.

గుమ్మం దగ్గర ఆయన ఆమెవైపు తిరిగాడు. "మీరైనా జాగ్రత్తమ్మా."

మంచిమనిషిలా ఉన్నాడు, గది ఇవ్వాల్సిందని భార్య అంది. ఎడమచేత్తో కాగితమిచ్చేవాడిలో మంచి ఏం కనిపించిందని మెకానిక్ కొట్టిపారేశాడు. డ్యూటీలో తలుపు దగ్గర ఎవరూ లేరుగా అని మూడుసార్లు కేకేస్తేగాని లిఫ్టు కదిలించని మనిషే ఇతను. ఇంటికొచ్చేసరికి ఆ బుద్ధిని చెప్పులతోపాటు గుమ్మం బయటే విడిచేవాడు.

శనివారం మధ్యాహ్నం పట్టులో స్ప్రింగు జారింది. అతని మొద్దువేళ్లకి అది లొంగలేదు. ఆమె చేతిలో వాచీ పక్కన పెట్టి వచ్చింది. పట్టులోకి వేళ్లు దూర్చి స్ప్రింగు సర్దుతోంది. అతను అవతల కంప్యూటర్ ముందున్నాడు. తెర అడ్డు, ఆమె తల తప్ప ఏమీ కనిపించదు. వైరు వదులైందని గట్టిగా గుచ్చి, అలవాటు కొద్దీ 'కలుపు' నొక్కాడు.

ప్రోగ్రాం ఏమీ అడగలేదు.

ఆసుపత్రిలో ఆమె కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ తీసేశారు.

ఇంటికొచ్చాక ఆ ప్రశ్నని ప్రోగ్రాంలో మళ్లీ పెట్టాడు. నాలుగు నిమిషాల పని. అది ఉండాల్సిన చోట, ఏనాడూ చదవని ఒక వాక్యం కనిపించింది. "దయచేసి దీన్ని తియ్యకండి. ఇది రాసేనాటికే నా కుడిచేతికి వేళ్లు లేవు."

పాపం, గురువుగారు అనుకున్నాడు. అంతకుమించి తోచలేదు.

అవతల ఆమె, ఎవరి వాచీలు వాళ్లకి తిరిగి ఇచ్చేద్దామని పనిముట్ల డబ్బా ఖాళీ చేస్తోంది. అడుగున ఆ కాగితం దొరికింది.

"ఆయనకి ఫోన్ చేసి క్షమించమని అడగండి" అంటూ ఎడమచేత్తో అందించింది.

అతను రెండు చేతులా అందుకుని మడత విప్పాడు. నంబరు కింద, పేరు ఉండాల్సిన చోట, వంకరటింకర గీతల్లో చిన్న నత్త ఉంది.