తెర మీది నల్ల కొమ్మలు

డాక్టర్ ఫైలిన్ చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది.

స్కానింగ్ తెర మీద కాలేయం బూడిదరంగులో మసకమసకగా కనబడుతోంది. దాని నిండా ఎండుచెట్టు కొమ్మల్లా నల్లటి చారలు. పిత్తనాళాలు ఉబ్బిపోయాయి. కొమ్మలన్నీ కలిసే చోట ఒక ముద్ద.

బౌద్ధ విహారం మండపంలో ఊరు ఊరంతా గుమిగూడింది. అందరికీ కనబడాలని నర్సు సుదా తెరను జనం వైపు వాలుగా తిప్పి పెట్టింది. కళ్ళప్పగించి చూస్తున్నారు గానీ, ఆ నలుపేమిటో ఒక్కరికీ తెలియదు.

"ఏంటమ్మా, బిగుసుకుపోయావ్? లోపల చేపలేమైనా ఈదుతున్నాయా?" అన్నాడు ఖంఫూన్. ఊళ్ళో పెద్దమనిషి. అతను ఊఁ అంటేనే ఎవరైనా ఊఁ అంటారు.

జనం గొల్లుమన్నారు.

"ఊపిరి బిగబట్టాలి మామా. అప్పుడే బాగా కనబడుతుంది," అంది ఫైలిన్.

"ఈ పెట్టె కన్ను పడితే లేని రోగం వస్తుందంట. మా బున్‌లాయ్ నిక్షేపంలా ఉండేవాడు. నిరుడు పట్నం వెళ్ళి దీంతో చూపించుకున్నాడు. వరికోతలకల్లా బూడిదయ్యాడు!"

"రోగం ముందే ఉంది మామా. ఆలస్యంగా వెళ్ళాడు. పచ్చిచేపలో ఉండే పురుగు లివర్లో చేరి కాపరం పెడుతుంది. ఏళ్ళ తరబడి చప్పుడు చెయ్యదు."

"చెప్పొచ్చావులే! మూన్ నది ఒడ్డున పుట్టి, నిమ్మకాయ పిండుకుని పచ్చిచేప తినని నోరుందా? మా తాతలు తిన్నారు, మీ తాతలూ తిన్నారు. సోది ఆపి సంగతి చెప్పు."

తల్లులు పిల్లల నోళ్ళు మూశారు.

చూపు మోసం చేసిందేమోనని ఫైలిన్ ఇంకో పక్కనుంచి చూసింది. ముద్ద అక్కడే ఉంది. ఇలాంటివి ఆమెకు కొత్త కాదు. కత్తికి అందని ముద్దలకు రేడియేషన్ ఇప్పించి ఇళ్ళకు పంపింది. ఆ తర్వాత చావు కబుర్లు వింది.

నిజం చెబితే? పెట్టె కన్ను నిజమేనంటూ ఊరు పరుగు తీస్తుంది. ఈ బల్ల మీద ఇంకొక్కరు పడుకోరు. ఈ జనంలో ఎందరి కడుపుల్లో ఆ పురుగు నిద్రపోతోందో! ఇప్పుడే పట్టుకుంటే బతికి బట్టకట్టేవాళ్ళు.

"ఎలా ఉందమ్మా?" ఖంఫూన్ గొంతులో ఈసారి ఎకసెక్కం లేదు.

"గుండ్రాయిలా ఉంది మామా," అంది ఫైలిన్. "ఏ మచ్చా లేదు."

సుదా ఉలిక్కిపడి తలెత్తింది. ఆమెకు తెర చదవడం వచ్చు. ఏదో అనబోయింది. ఫైలిన్ చూపుతోనే వద్దంది.

"మాటంటే మాటే. ముందు నువ్వైతే తర్వాత నేనన్నాను, ఇక నా వంతు," అంటూ ఖంఫూన్ చొక్కా గుండీలు విప్పుకుంటుంటే, డాక్టర్ ఫైలిన్ తన పొట్ట మీది జెల్ తుడుచుకుని, బల్ల దిగి, అతనికి చోటిచ్చింది.